ఫిట్స్ మందుల్లో ఏది ఎవరికి: మెదడులో అవి చేసే పనిని బట్టి ఒక పోలిక

ఫిట్స్ ఉన్నాయని తేలాక డాక్టర్ రెండు మూడు మందుల పేర్లు చెప్పి, ఒక్కోదాని మంచీ చెడూ రెండు ముక్కల్లో వివరించి, "ఏది మొదలుపెడదాం?" అని అడిగితే చాలామందికి ఏం చెప్పాలో తోచదు. ఇంటికొచ్చి నెట్‌లో వెతికితే ఒక్కో మందు కింద చాంతాడంత సైడ్ ఎఫెక్ట్స్ జాబితా కనిపిస్తుంది, ఉన్న టెన్షన్ రెట్టింపవుతుంది. ఇంకొందరికి పాత మందు సరిపోక మార్చాలనో, రెండోది కలపాలనో చెప్తారు, ఎందుకో అర్థం కాదు. అలా ఎటూ తేల్చుకోలేక ఆగిపోయినవాళ్ల కోసమే ఇది.

ముందు "వీటిలో పవర్‌ఫుల్ మందు ఏది?" అన్న ప్రశ్నను పక్కన పెట్టేయండి. ఒకరికి ఫిట్స్ పూర్తిగా ఆపేసిన మందే ఇంకొకరికి వాటిని పెంచగలదు. ఏ మందు మెదడులో ఎక్కడ పట్టుకుంటుందో తెలిస్తే ఇందులో వింతేమీ ఉండదు. చదివాక మందు మార్చాలనిపిస్తే డాక్టర్‌తో మాట్లాడే మార్చండి, సొంతంగా ఆపేయకండి. హఠాత్తుగా ఆపితే ఒకదాని వెంట ఒకటిగా ఫిట్స్ వచ్చి ప్రాణం మీదకు రావచ్చు.

## ఎంచుకునే ముందు ఏం చూడాలి

అన్నిటికంటే ముందు చూడాల్సింది ఏ రకం ఫిట్స్ అన్నది. మెదడులో ఒక చోట మొదలయ్యేవి ఒక రకం, వాటిని ఫోకల్ అంటారు: ఒక చెయ్యి మాత్రమే కొట్టుకోవడం, కడుపులోంచి ఏదో పైకి ఎగదన్నినట్టు అనిపించడం, పిలిచినా పలక్కుండా పెదాలు చప్పరిస్తూ ఉండిపోవడం లాంటివి. రెండు పక్కలా ఒకేసారి మొదలయ్యేవి రెండో రకం, జనరలైజ్డ్: పిల్లలు మాట్లాడుతూ మాట్లాడుతూ కొన్ని సెకన్లు శూన్యంలోకి చూసి మళ్లీ మామూలైపోయే ఆబ్సెన్స్, పొద్దున లేవగానే చేతులు ఉలిక్కిపడినట్టు ఎగిరే మయోక్లోనిక్ కుదుపులు, ఒళ్లంతా బిగుసుకుని కొట్టుకునేవి. ఇక్కడో చిక్కుంది. ఫోకల్‌గా మొదలైనది కూడా క్షణాల్లో మెదడంతా పాకి ఒళ్లంతా కొట్టుకునేలా చేయగలదు, చూసినవాళ్లకు గుర్తుండేది ఆ చివరి భాగమే. అందుకే మొదటి కొన్ని సెకన్లలో ఏం జరిగిందో చెప్పగలిగితే, వీలైతే ఫోన్‌లో వీడియో తీసి చూపించగలిగితే, అది ఈఈజీ (మెదడు విద్యుత్ తరంగాలను గీసే పరీక్ష) అంత విలువైన సమాచారం. పొద్దున చేతిలోది జారిపోవడాన్ని చాలామంది "నిద్రమత్తు" అనుకుని డాక్టర్‌కు చెప్పనే చెప్పరు. ఆ ఒక్క మాటతో మందు ఎంపిక మొత్తం మారిపోతుంది.

రకం తేలాక మనిషిని చూడాలి. వయసెంత, ముందు ముందు గర్భం వచ్చే అవకాశం ఉందా, కాలేయం కిడ్నీలు ఎలా ఉన్నాయి, రోజూ వేసుకునే వేరే మందులేంటి, డిప్రెషన్ లాంటివి ఎప్పుడైనా ఉన్నాయా, మందు ఎంత త్వరగా పట్టుకోవాలి, రోజుకు రెండు పూటలా వేసుకోవడం కుదురుతుందా.

## ఈ మందులు మెదడులో చేసే పని

నాడీకణం ఉత్తేజం కావాలంటే దాని పొర మీదున్న సోడియం చానెళ్లు తెరుచుకుని సోడియం లోపలికి దూసుకురావాలి. ఒకటి రెండు మిల్లీసెకన్లలో ఆ చానెల్ తనంతట తాను మూసుకుపోయి కాసేపు పనిచేయని స్థితిలో ఉంటుంది, కోలుకున్నాకే మళ్లీ తెరుచుకుంటుంది. ఫెనిటోయిన్, కార్బమజెపైన్, లామోట్రిజిన్ ముఖ్యంగా పట్టుకునేది ఈ పనిచేయని స్థితిలో ఉన్న చానెళ్లనే. పట్టుకుని, అవి కోలుకోవడాన్ని ఆలస్యం చేస్తాయి. నింపాదిగా పనిచేసే కణంలో చానెళ్లకు ఎలాగూ కోలుకునే సమయం ఉంటుంది కాబట్టి పెద్ద తేడా రాదు, ఫిట్స్ సమయంలో సెకనుకు వందలసార్లు ఎగిసిపడే కణానికి మాత్రం అడ్డుకట్ట పడుతుంది. ఈ మందులు వేసుకుంటూ కూడా మనిషి చదువుకోగలగడం, నడవగలగడం, మాట్లాడగలగడం వెనకున్న కిటుకు ఇదే, నాకు ఈ మొత్తం విషయంలో అద్భుతంగా అనిపించేదీ ఇదే. లాకోసమైడ్ కూడా సోడియం చానెల్ మందే, కాకపోతే అదే చానెల్ మరింత నెమ్మదిగా మూతపడే ఇంకో పద్ధతిని బలపరుస్తుంది.

రెండో దారి గాబా. మెదడులో కణాలను శాంతపరిచే ప్రధాన రసాయనం ఇది. గాబా వచ్చి అతుక్కుంటే క్లోరైడ్ లోపలికి వెళ్లి కణం ఉత్తేజం కాకుండా శాంతిస్తుంది. క్లోబజామ్, క్లోనజెపామ్, మిడజోలామ్ ఆ క్లోరైడ్ చానెల్ ఎక్కువసార్లు తెరుచుకునేలా చేస్తే, ఫినోబార్బిటాల్ తెరుచుకున్న ప్రతిసారీ ఎక్కువసేపు తెరిచే ఉంచుతుంది. మెదడంతా శాంతించే దారి కాబట్టి మత్తు, నిద్ర కూడా దీంతోపాటే వస్తాయి.

మూడోది, ఒక కణం నుంచి ఇంకో కణానికి రసాయనాలను మోసుకెళ్లే చిన్న సంచుల మీదుండే ఎస్‌వీ2ఏ అనే ప్రొటీన్. లెవెటిరాసిటామ్, బ్రివరాసిటామ్ దాన్నే పట్టుకుంటాయి. లెవెటిరాసిటామ్ 1999లోనే అమెరికాలో అనుమతి పొందింది, అది అతుక్కునే చోటు ఈ ప్రొటీనే అని 2004లో గానీ తేలలేదు. పెరాంపనెల్ అవతలి కణం మీద గ్లూటమేట్ అనే ఉత్తేజపరిచే రసాయనాన్ని అందుకునే ఆంపా గ్రాహకాన్ని అడ్డుకుంటుంది.

ఇక ఆబ్సెన్స్ ఫిట్స్ కథే వేరు. అక్కడ మెదడు లోతుల్లో ఉండే థాలమస్ అనే భాగానికీ, మెదడు పైపొరకూ మధ్య సెకనుకు మూడు చొప్పున ఒక లయ నడుస్తుంటుంది, ఈఈజీలో అది స్పష్టంగా కనిపిస్తుంది. ఆ లయను నడిపించేవి టి-రకం కాల్షియం చానెళ్లు. ఇథోసక్సిమైడ్ వాటిని ఆపుతుంది కాబట్టి ఆబ్సెన్స్‌కు చక్కగా పనిచేస్తుంది, వేరే రకాలకు దాదాపు పనికిరాదు. విచిత్రమేంటంటే, ఈ టి-చానెళ్లు మళ్లీ తెరుచుకోవడానికి సిద్ధం కావాలంటే కణం ముందు బాగా శాంతించాలి. అంటే గాబా పెరిగితే లయ ఆగదు, ఇంకా బలపడవచ్చు. గాబాను పెంచే విగాబాట్రిన్, టియాగాబిన్ ఆబ్సెన్స్‌ను ఎక్కువ చేయడానికి కారణం ఇదే. కార్బమజెపైన్, ఫెనిటోయిన్ కూడా ఆబ్సెన్స్‌నూ, మయోక్లోనిక్ కుదుపులనూ పెంచగలవు. రకం తేలకుండా మందు ఎంచుకోకూడదని ఇంత గట్టిగా చెప్తున్నది అందుకే.

## ఒక్కో మందు గురించి

లెవెటిరాసిటామ్. ఫోకల్‌కూ జనరలైజ్డ్‌కూ రెండింటికీ వాడొచ్చు, కొద్ది రోజుల్లోనే సరైన డోసుకు చేరుకోవచ్చు, వేరే మందులతో గొడవలు చాలా తక్కువ. ఎమర్జెన్సీలో, ఆపరేషన్ల చుట్టూ, బోలెడు మందులు వాడే పెద్దవాళ్లలో దీన్ని ఇష్టపడేది ఇందుకే. ఎక్కువ భాగం మూత్రం ద్వారా పోతుంది కాబట్టి కిడ్నీలు బలహీనంగా ఉంటే డోసు తగ్గించాలి. దీని అసలు సమస్య మూడ్. ఎప్పుడూ గట్టిగా మాట్లాడని మనిషి చిన్న విషయానికి అరుస్తాడు, పది నిమిషాల తర్వాత ఎందుకు అరిచానా అని కుమిలిపోతాడు, ఇంట్లోవాళ్లేమో జబ్బు వల్ల దిగులు అనుకుంటారు. కొందరిలో డిప్రెషన్, ఆత్మహత్య ఆలోచనలు కూడా రావచ్చు. మొదలుపెట్టే రోజే ఇంట్లో ఒకరికి "నా ప్రవర్తన మారితే చెప్పు" అని చెప్పిపెట్టుకోవడం నిజంగా పనికొచ్చే జాగ్రత్త. అలా వస్తే బ్రివరాసిటామ్‌కు మారితే కొందరిలో తగ్గుతుంది.

లామోట్రిజిన్. ఫోకల్ ఫిట్స్‌కు నా దృష్టిలో మొదట ఆలోచించాల్సింది ఇదే. సనద్ అనే బ్రిటిష్ పరీక్షలు 2007లోనూ, 2021లోనూ ఫోకల్ ఫిట్స్‌కు దీన్నే ముందు నిలబెట్టాయి. మత్తు తక్కువ, బరువు పెరగరు, మూడ్‌కు సాధారణంగా మేలే చేస్తుంది, గర్భంలో వాడే మందుల్లో సురక్షితమైన వాటిలో ఒకటి. మరి ఇబ్బంది ఎక్కడ? సహనం కావాలి. పెద్దవాళ్లలో మామూలుగా రోజుకు 25 మిల్లీగ్రాములతో రెండు వారాలు, తర్వాత 50తో ఇంకో రెండు వారాలు, అలా మెట్టు మెట్టుగా ఎక్కాలి, తొందరపడితే చర్మం మీద ప్రమాదకరమైన దద్దుర్లు రావచ్చు. ఒంటి మీద దద్దురు, జ్వరం, నోట్లో పుండ్లు కనిపిస్తే అదే రోజు డాక్టర్‌ను కలవాలి. వాల్ప్రోయేట్ పక్కన ఉంటే దీని మోతాదు రక్తంలో దాదాపు రెట్టింపవుతుంది కాబట్టి ఇంకా తక్కువతో మొదలుపెడతారు. ఈస్ట్రోజెన్ ఉన్న గర్భనిరోధక మాత్రలు దీన్ని సగం వరకూ తగ్గించేస్తాయి, గర్భం వచ్చినప్పుడు కూడా రక్తంలో దీని మోతాదు పడిపోతుంది. గుండె లయలో లోపాలున్నవాళ్లు ముందే చెప్పాలి.

వాల్ప్రోయేట్. 1960ల మొదట్లో ఫ్రాన్స్‌లో వేరే రసాయనాలను కరిగించే ద్రవంగా వాడుతుంటే, ఏది కరిగించి ఇచ్చినా ఫిట్స్ ఆగుతున్నాయని గమనించి కనిపెట్టిన మందు ఇది. గాబాను పెంచుతుంది, సోడియం చానెళ్లనూ ప్రభావితం చేస్తుంది, ఒక్క దారికి కట్టుబడదు. జనరలైజ్డ్ రకానికి దీన్ని మించింది దొరకడం కష్టం. సనద్ 2021 ఫలితాల్లో లెవెటిరాసిటామ్ కూడా దీనికి సాటి రాలేదు. కానీ గర్భంలో వాడితే పుట్టే పిల్లల్లో దాదాపు 10 శాతం మందికి పెద్ద అవయవ లోపాలు, 30 నుంచి 40 శాతం మందిలో ఎదుగుదల, నేర్చుకోవడంలో సమస్యలు. ఫోలిక్ యాసిడ్ వేసుకున్నంత మాత్రాన ఈ ప్రమాదం పోదు. 2024లో యూరప్ ఔషధ నియంత్రణ సంస్థ మగవాళ్లకు కూడా, బిడ్డను కనే ముందు డాక్టర్‌తో మాట్లాడమని జాగ్రత్త చెప్పింది. బరువు పెరగడం, జుట్టు రాలడం, చేతులు వణకడం మామూలు. కాలేయం దెబ్బతినే ప్రమాదం రెండేళ్లలోపు పిల్లల్లో ఎక్కువ.

కార్బమజెపైన్, ఆక్స్‌కార్బజెపైన్. ఫోకల్‌కు దశాబ్దాలుగా నిలబడ్డ మందులు. రక్తంలో సోడియం తగ్గిస్తాయి, ఆక్స్‌కార్బజెపైన్ ఇంకాస్త ఎక్కువగా, ముఖ్యంగా పెద్ద వయసులో. కార్బమజెపైన్ కాలేయంలోని ఎంజైములను రెచ్చగొడుతుంది కాబట్టి గర్భనిరోధక మాత్రలూ, రక్తం పలచబరిచే మందులూ సరిగా పనిచేయకపోవచ్చు; తనను తాను కూడా వేగంగా కరిగించుకుంటుంది, అందుకే మొదటి వారాల్లో సరిపోయిన డోసు తర్వాత చాలకపోవచ్చు. హెచ్‌ఎల్‌ఏ-బి 1502 అనే జన్యురూపం ఉన్నవాళ్లకు దీంతో చర్మం ఊడిపోయేంత తీవ్రమైన రియాక్షన్ వచ్చే ప్రమాదం చాలా ఎక్కువ. ఆసియా మూలాలున్నవాళ్లలో ఆ జన్యురూపం ఎక్కువ కాబట్టి మొదలుపెట్టే ముందు రక్త పరీక్ష గురించి అడగండి.

ఫెనిటోయిన్. 1938 నుంచి వాడుకలో ఉంది, పెద్దగా మత్తు లేకుండా ఫిట్స్ ఆపొచ్చని మొదట చూపించింది ఇదే. ఇప్పటికీ ఎమర్జెన్సీలో పనికొస్తుంది. రోజూ వాడటానికి మాత్రం నేను దీన్ని చివర్లో పెడతాను. కాలేయం దీన్ని కరిగించే శక్తికి ఒక హద్దుంది, ఆ హద్దు దాటాక నిండుకుండలో గరిటెడు పోస్తే పొర్లినట్టే: 300 మిల్లీగ్రాములతో బాగున్న మనిషి 400కి వెళ్లగానే తూలడం, చూపు రెండుగా కనిపించడం మొదలవ్వచ్చు. చిగుళ్లు పెరుగుతాయి, ఏళ్ల తరబడి వాడితే ఎముకలు బలహీనపడతాయి. అలాగని దీంతో ఏళ్లుగా ఫిట్స్ లేకుండా ఉన్నవాళ్లు కంగారుపడి మార్చుకోనక్కర్లేదు.

ఫినోబార్బిటాల్ 1912 నుంచి ఉంది, రోజుకు ఒకసారి చాలు, అన్నిచోట్లా దొరుకుతుంది, ఇప్పటికీ ఎన్నో ప్రాణాలు నిలబెడుతోంది. మత్తు, పిల్లల్లో అతిచురుకుదనం, చదువులో వెనకబాటు దీనితో వచ్చే ఇబ్బందులు. టోపిరామేట్ బరువు తగ్గిస్తుంది, మైగ్రేన్‌కూ పనికొస్తుంది, కానీ కొందరికి మాట నోటి దాకా వచ్చి ఆగిపోతుంది. మాట్లాడటమే వృత్తి అయినవాళ్లకు అది చాలా కష్టం. కిడ్నీలో రాళ్లు వచ్చినవాళ్లకూ, గర్భం ఆలోచన ఉన్నవాళ్లకూ ఇది వద్దు. క్లోబజామ్ ఎక్కువగా రెండో మందుగా కలుపుతారు.

| మందు | పట్టుకునే చోటు | ఎవరికి నప్పుతుంది | ఎవరు జాగ్రత్తపడాలి |
|---|---|---|---|
| లెవెటిరాసిటామ్ | ఎస్‌వీ2ఏ | త్వరగా అదుపు కావాల్సినవాళ్లు, చాలా మందులు వాడేవాళ్లు | డిప్రెషన్, కోపం ఉన్నవాళ్లు, కిడ్నీ జబ్బు |
| లామోట్రిజిన్ | సోడియం చానెల్ | ఫోకల్, గర్భం ఆలోచన ఉన్నవాళ్లు, వృద్ధులు | ఇంతకుముందు మందుల దద్దుర్లు, గుండె లయ లోపాలు |
| వాల్ప్రోయేట్ | గాబా, సోడియం చానెల్ | జనరలైజ్డ్ | గర్భం వచ్చే వయసువాళ్లు, కాలేయ జబ్బు |
| కార్బమజెపైన్ | సోడియం చానెల్ | ఫోకల్ | ఆబ్సెన్స్, మయోక్లోనిక్, సోడియం తక్కువున్నవాళ్లు |
| ఇథోసక్సిమైడ్ | టి-రకం కాల్షియం చానెల్ | ఆబ్సెన్స్ మాత్రమే ఉన్న పిల్లలు | వేరే రకం ఫిట్స్ కూడా ఉన్నవాళ్లు |
| ఫెనిటోయిన్ | సోడియం చానెల్ | ఎమర్జెన్సీ | దీర్ఘకాలం వాడాల్సిన యువత |

## మీ పరిస్థితిని బట్టి

గర్భం వచ్చే వయసులో ఉన్న అమ్మాయికి, ఇప్పట్లో పెళ్లి ఆలోచన లేకపోయినా సరే, లామోట్రిజిన్ లేదా లెవెటిరాసిటామ్‌తో మొదలుపెట్టడమే మేలు, గర్భంలో తక్కువ హాని ఉన్న మందుల్లో ముఖ్యమైనవి ఈ రెండే. వాల్ప్రోయేట్ వాడుతుండగా గర్భం వచ్చిందని తెలిస్తే భయంతో మాత్రలు మానేయొద్దు, వెంటనే డాక్టర్‌ను కలవాలి. ఆగకుండా వచ్చే ఫిట్స్ తల్లికీ బిడ్డకూ ఇద్దరికీ ప్రమాదం.

కౌమారంలో పొద్దున్నే కుదుపులు, అప్పుడప్పుడూ పెద్ద ఫిట్స్ వచ్చేవాళ్ల సంగతి అన్నిటికంటే కష్టం. అబ్బాయైతే వాల్ప్రోయేట్ బాగా పనిచేస్తుంది, పైన చెప్పిన జాగ్రత్త గుర్తుపెట్టుకుని. అమ్మాయైతే లెవెటిరాసిటామ్‌తో మొదలుపెడతారు, మూడ్ దెబ్బతింటే లామోట్రిజిన్, కానీ అది కొందరిలో కుదుపులనే పెంచుతుంది. ఏ దారి పట్టినా ఎంతో కొంత వదులుకోవాల్సిందే, అందుకని ఆ నిర్ణయంలో ఆ పిల్లను కూర్చోబెట్టుకుని మాట్లాడాలి, తలుపు అవతల కాదు.

బడికెళ్లే పిల్లల్లో ఆబ్సెన్స్ మాత్రమే ఉంటే ఇథోసక్సిమైడ్. 2010లో వచ్చిన ఒక పెద్ద పోలిక పరీక్షలో అదీ వాల్ప్రోయేట్ రెండూ లామోట్రిజిన్ కంటే బాగా పనిచేశాయి, ఏకాగ్రత మాత్రం ఇథోసక్సిమైడ్‌తోనే తక్కువగా దెబ్బతింది.

వృద్ధులకు పక్షవాతం తర్వాత వచ్చే ఫిట్స్ ఎక్కువగా ఫోకల్, అప్పటికే బీపీకీ గుండెకూ మందులుంటాయి. లామోట్రిజిన్ లేదా తక్కువ డోసులో లెవెటిరాసిటామ్ నప్పుతాయి, కార్బమజెపైన్ వీళ్లకు సాధారణంగా పడదు. డిప్రెషన్ ఉన్నవాళ్లు లామోట్రిజిన్ వైపు చూడండి. కాలేయం బలహీనమైతే లెవెటిరాసిటామ్.

డోసు మర్చిపోయే అలవాటుంటే మందు ఎంతసేపు ఒంట్లో ఉంటుందో అడగండి. లెవెటిరాసిటామ్ ఆరు నుంచి ఎనిమిది గంటల్లో సగానికి పడిపోతుంది, కాబట్టి మామూలు మాత్ర రెండు పూటలా తప్పదు. ఫినోబార్బిటాల్‌కు అదే మూడు నాలుగు రోజులు పడుతుంది. చాలా మందులకు రోజుకొకసారి వేసుకునే నెమ్మదిగా విడుదలయ్యే మాత్రలు ఉన్నాయి.

## మొదటిది పనిచేయకపోతే

2000లో స్కాట్లాండ్ నుంచి వచ్చిన ప్రసిద్ధ పరిశోధనలో, మొదటి మందుతోనే దాదాపు 47 శాతం మందికి ఫిట్స్ ఆగిపోయాయి, రెండోదానితో ఇంకో 13 శాతం మందికి. మూడోదాని దగ్గరికి వచ్చేసరికి లాభపడ్డవాళ్లు చాలా కొద్దిమంది. మొత్తంగా మూడో వంతు మందికి మందులు చాలలేదు. కాబట్టి మొదటిది విఫలమైతే నిరాశ అక్కర్లేదు, కానీ ముందు నిజంగా విఫలమైందా అని చూడాలి: డోసు సరిపడా ఉందా, రోజూ వేసుకున్నారా, నిద్ర సరిగా ఉందా, అసలు ఫిట్స్ రకం సరిగా గుర్తించారా.

రెండు మందులు కలపాల్సి వస్తే, వేర్వేరు దారుల్లో పనిచేసేవి కలపడం తెలివైన పని. రెండు సోడియం చానెల్ మందులు కలిపితే, ఉదాహరణకు కార్బమజెపైన్‌కు లాకోసమైడ్, తల తిరగడం, తూలడం పెరుగుతాయి. లామోట్రిజిన్, వాల్ప్రోయేట్ జోడీ మాత్రం చాలామందిలో బాగా కుదురుతుంది, డోసు జాగ్రత్తగా లెక్కేస్తే.

సరైన మందులు రెండు, సరైన డోసులో వాడినా ఫిట్స్ ఆగకపోతే దాన్ని మందులకు లొంగని మూర్ఛ అని అంతర్జాతీయ మూర్ఛ సంఘం 2010లో నిర్వచించింది. మూడోది, నాలుగోది, ఐదోది అని ఏళ్లు గడిపేవాళ్లను చూస్తే నిజంగా బాధేస్తుంది. టెంపోరల్ లోబ్‌లో (కణతల లోపలి వైపున్న మెదడు భాగంలో) మొదలయ్యే ఫిట్స్ మీద 2001లో వచ్చిన పరీక్షలో, ఏడాది తర్వాత స్పృహ తప్పే ఫిట్స్ లేకుండా ఉన్నవాళ్లు ఆపరేషన్ వైపు 58 శాతం, మందులతోనే కొనసాగినవాళ్లలో 8 శాతం. అందరికీ ఆపరేషన్ కుదరదు, కుదురుతుందో లేదో వీడియో ఈఈజీ, ఎమ్మారై చేసి చూస్తేనే తెలుస్తుంది. రెండో మందు కూడా ఆపలేదని తేలిన రోజే, మూడో మందు చీటీతో పాటు ఎపిలెప్సీ సర్జరీ చేసే సెంటర్‌కు రిఫర్ చేయమని కూడా అడగండి.